ఎర్ర సిలిండర్ ఎక్కడ పెట్టాలి?

రెండే సీట్లుండే చిన్న స్పోర్ట్స్ కారులో మంటలార్పే ఎర్ర సిలిండర్‌ని ఎక్కడ బిగించాలి? కారు నాది కాదు లెండి, మనకంత సీను లేదు :) మా గాజువాక ఫ్రెండొకడు డల్లాస్‌లో ఉంటాడు. ఈమధ్య పాత మాజ్డా మియాటా ఒకటి కొన్నాడు. వారాంతాల్లో ట్రాక్ మీద తిప్పుతాడట. "బావా, నువ్వు మెకానికల్ కదా, ఎక్కడ పెట్టమంటావు?" అని అడిగాడు. మెకానికల్ చదివి జావా రాసుకుంటున్న వాణ్ణి ఇలాంటి ప్రశ్న అడిగితే ఊరుకుంటాడా? రెండు వారాలు దాని మీదే పడ్డాను. చదివిన కొద్దీ అర్థమయింది ఏమిటంటే, బ్రాకెట్టూ బోల్టూ చివర్లో వచ్చే సంగతులు. దీని వెనక రెండొందల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో కొన్ని పేజీలు మా విశాఖపట్నానివే. కాబట్టి మా ఊరితోనే మొదలుపెడతాను.

మేమిద్దరం 1998లో పుట్టినవాళ్ళం. అయినా 1997 సెప్టెంబర్ 14 గురించి వినకుండా గాజువాక వైపు ఎవరూ పెరగరు. ఆ రోజు ఆదివారం. తెల్లారుతూనే మల్కాపురం దగ్గరున్న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకయింది. ఓడ నుంచి పైపులైన్లో వచ్చే గ్యాసుని హార్టన్ స్ఫియర్లలోకి, అంటే బంతుల్లా ఉండే ఆ పెద్ద పెద్ద గుండ్రటి ట్యాంకుల్లోకి, ఎక్కిస్తున్న సమయం. లీకైన గ్యాసు మబ్బులా పరుచుకుంది. ఎక్కడో నిప్పు తగిలింది. పేలింది. ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకి మంట పాకింది. దాదాపు 60 మంది చనిపోయారు. చుట్టుపక్కల జనం పిల్లల్ని చంకనేసుకుని, కట్టుబట్టలతో ఇళ్ళు వదిలి పరుగెత్తారు. మా అమ్మ ఇప్పటికీ దాన్ని "ఆ పొగ రోజు" అనే అంటుంది. పాండిచ్చేరి విశ్వవిద్యాలయం పరిశోధకులు ఖాన్, అబ్బాసీ 1999లో ఈ ఘటన మీద ఒక పేపరు రాశారు. దానికి పెట్టిన పేరులోనే 1990లలో ప్రపంచంలోకెల్లా ఘోరమైన పారిశ్రామిక ప్రమాదం అని ఉంటుంది.

ఇంత పెద్ద ప్రమాదానికీ, కారులో పెట్టుకునే కిలో సిలిండర్‌కీ సంబంధం ఏమిటంటారా? ఉంది.

ఎల్‌పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకెగిరి పోదు. నేల బారుగా పాకుతూ పల్లం వెతుక్కుంటుంది. ఆ మబ్బు మధ్యలో వాల్వు ఉందనుకోండి, అది ఎంత గొప్ప వాల్వయినా, దాన్ని తిప్పడానికి వెళ్ళే మనిషి ప్రాణం మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే చమురు పరిశ్రమకి భద్రతా ప్రమాణాలు రాసే ఓఐఎస్‌డీ (1986లో ఏర్పడింది) పుస్తకాలు తిరగేస్తే, పేజీ పేజీకీ దూరాల లెక్కలే కనిపిస్తాయి. మంటలార్పే నీటి పంపులు గ్యాసుకీ చమురుకీ దూరంగా ఉండాలి. స్ఫియర్ మీద నీళ్ళు చల్లే వాల్వు సురక్షితమైన దూరంలో ఉండాలి. గ్యాసు లైను మూసే వాల్వుని దగ్గరికి పోకుండానే మూయగలగాలి. ఇదంతా చదివాక నాకు ఒక్క వాక్యం మిగిలింది: మంట మొదలైన క్షణంలో మనిషి ఎక్కడ ఉంటాడో, పనిముట్టు అక్కడ ఉండాలి. రిఫైనరీలో ఆ మనిషి దూరంగా ఉండాలి కాబట్టి మీటలు దూరంగా పెడతారు. కారులో మనిషి సీటు బెల్టుతో కట్టేసి ఉంటాడు కాబట్టి... సరే, ఆ లెక్క తర్వాత చూద్దాం. ముందు ఈ చిన్న సిలిండర్ ఎలా పుట్టిందో చెప్పాలి.

అసలు చేత్తో మోసుకెళ్ళే సిలిండర్ పుట్టిందే "ఎక్కడ" అనే ప్రశ్న నుంచి. 1813లో ఎడిన్‌బరోలో ఒక అగ్నిప్రమాదం జరిగింది. ఫైరు సిబ్బంది వచ్చారు, నీళ్ళున్నాయి, కానీ పై అంతస్తులకి అందలేదు. అది చూసిన కెప్టెన్ జార్జ్ విలియం మ్యాన్‌బీ అనే ఆయన, మనిషి భుజానేసుకుని మెట్లెక్కగలిగే రాగి పాత్ర తయారు చేశాడు. అందులో సుమారు 3 గ్యాలన్ల పొటాషియం కార్బొనేట్ ద్రావణం, దాని మీద గాలి ఒత్తిడి. కుళాయి తిప్పితే చిమ్ముతుంది. ఇప్పుడు మన ఆఫీసు గోడలకి వేలాడే ఎర్ర సిలిండర్లకి ముత్తాత అదే. గమనించారా? మ్యాన్‌బీ చూసిన మంట దగ్గర లేనిది నీళ్ళు కాదు. ఉన్న నీళ్ళు చేరాల్సిన చోటికి చేరలేదు, అంతే.

తర్వాత కార్లొచ్చాయి, పెట్రోలొచ్చింది. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే పెట్రోలు పైకి తేలి ఇంకా పాకుతుంది. 1910 ప్రాంతంలో అమెరికాలో పైరీన్ కంపెనీ ఒక ఇత్తడి చేతిపంపు తెచ్చింది. లోపల కార్బన్ టెట్రాక్లోరైడ్. చూడ్డానికి ముచ్చటగా, ఒక లీటరు సీసా అంత ఉండేది. డ్రైవర్ చేతికి అందేలా కారుకి తగిలించుకునేవాళ్ళు. స్థలం బాగానే ఎంచుకున్నారు, లోపల పోసిందే తేడా కొట్టింది. వేడి లోహం మీద పడితే ఆ ద్రవం నుంచి ఫాస్జీన్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద ప్రయోగించిన విషవాయువు అదే. ఆరుబయట అయితే సరే, అద్దాలు మూసిన కారులో కొడితే? మంట ఆరినా మనిషికి గండమే. చేతికందడం ఒక్కటే చాలదు, ఆ ఇరుకు చోట అది మనిషిని ఏం చేస్తుందో కూడా చూసుకోవాలి.

ఇరుకు చోట మంట అంటే మా ఊరికి ఇంకో జ్ఞాపకం ఉంది. 2010 ఫిబ్రవరిలో విశాఖలో ఉన్న ఐఎన్ఎస్ సింధురక్షక్ జలాంతర్గామి బ్యాటరీ భాగంలో మంటలొచ్చాయి. బ్యాటరీ నుంచి వెలువడిన హైడ్రోజన్ దానికి కారణం. ఒక నావికుడు చనిపోయాడు, ఇద్దరు గాయపడ్డారు. బీచ్ రోడ్డులో మ్యూజియంగా మార్చిన కుర్సురా లోపలికి వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది, జలాంతర్గామిలో ఒక మనిషి ఇంకో మనిషిని దాటాలంటే పక్కకి తిరగాలి. అలాంటి చోట పనిముట్టు పది అడుగుల దూరంలో ఉండటం, పక్క ఊళ్ళో ఉండటం రెండూ ఒకటే. రెండు సీట్ల కారు కూడా చిన్న సైజు జలాంతర్గామే.

ఇక రేసు ట్రాకు. 1973 జూలై 29, నెదర్లాండ్స్‌లో జాండ్‌ఫోర్ట్, డచ్ గ్రాండ్ ప్రీ. రోజర్ విలియమ్సన్ అనే పాతికేళ్ళ బ్రిటిష్ డ్రైవర్ కారు బోల్తాపడి అంటుకుంది. అతను కింద ఇరుక్కుపోయాడు. వెనకే వస్తున్న డేవిడ్ పర్లీ తన కారు ఆపి, దిగి పరుగెత్తాడు. ఒంటరిగా కారుని ఎత్తబోయాడు, కుదరలేదు. అక్కడున్న మార్షల్స్‌కి మంటని తట్టుకునే దుస్తుల్లేవు. దొరికిన ఒక్క సిలిండర్ తీసుకుని పర్లీ మంట మీద ఖాళీ చేశాడు. చాలలేదు. రేసు ఆపలేదు. ఫైరింజన్ వచ్చేసరికి దాదాపు 8 నిమిషాలు పట్టింది. విలియమ్సన్ చనిపోయాడు. పర్లీకి బ్రిటిష్ ప్రభుత్వం జార్జ్ మెడల్ ఇచ్చింది. ఆ వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. నేను ఒక్కసారే చూడగలిగాను.

ఆ రోజు ట్రాకు మీద సిలిండర్లు లేవా? ఉన్నాయి. ఫైరింజన్ లేదా? ఉంది. ఉండాల్సిన చోట లేవు.

ఇలాంటి చావుల మీదే ఎఫ్‌ఐఏ నిబంధనలు ఒక్కో వాక్యం చొప్పున పేరుకుంటూ వచ్చాయి. ఈ రోజు వాళ్ళ అనుబంధం 'జె' లో 253వ ఆర్టికల్ తెరిస్తే, మా ఫ్రెండు ప్రశ్నకి చాలావరకు జవాబు దొరుకుతుంది. కారులో స్థిరంగా బిగించిన సిస్టమ్ అయితే, డ్రైవర్ సీట్లో కూర్చుని, బెల్టులన్నీ పెట్టుకుని ఉండగానే దాన్ని నొక్కగలగాలి. బయటి నుంచి కూడా నొక్కే ఏర్పాటు ఉండాలి. అది ఎక్కడుందో తెలిసేలా తెల్లటి వృత్తంలో ఎర్రటి ఇంగ్లీషు 'ఈ' అక్షరం ఉండాలి. చేత్తో వాడే సిలిండర్ అయితే డ్రైవర్‌కీ, పక్కనున్నవాడికీ తేలిగ్గా అందాలి. కనీసం రెండు లోహపు పట్టీలతో బిగించాలి, అవి చటుక్కున ఊడిరావాలి. ఆ బిగింపు 25 జి వరకు తట్టుకోవాలి.

ఈ 25 జి సంగతి కొంచెం చూద్దాం, మెకానికల్ వాణ్ణి కదా :) కిలో పౌడరు సిలిండర్ మొత్తం బరువు, డబ్బాతో కలిపి, ఓ రెండు కిలోలు అనుకోండి. 25 జి దగ్గర అది 50 కిలోల బస్తాలా లాగుతుంది. అంత బరువు ప్లాస్టిక్ క్లిప్పు మీద, వెల్‌క్రో మీద ఆగుతుందా? ఊడిందంటే మంట రాకముందే మన కాలో తలో పగలగొడుతుంది. సిలిండర్ కారు పొడవునా పడుకుని ఉంటే ఎదురుగా గుద్దినప్పుడు పట్టీల్లోంచి జారి ముందుకి దూసుకుపోతుంది. అందుకే జారకుండా అడ్డు పెట్టే లోహపు ముక్కలు కూడా ఉండాలన్నారు. వాటికి వాళ్ళు పెట్టిన పేరు "యాంటీ టార్పెడో ట్యాబ్స్". నేవీకి టార్పెడోలు డిజైన్ చేసే ఎన్‌ఎస్‌టీఎల్ ఉన్న ఊరివాడిగా ఆ పేరు చదివి నవ్వొచ్చింది. కానీ పోలిక మాత్రం అచ్చంగా సరిపోయింది.

సరే, మియాటా దగ్గరికొద్దాం. ఒక్కో చోటూ చూసుకుంటూ పోదాం.

డిక్కీ: చాలామంది చెప్పే జవాబు ఇదే, ఎందుకంటే అక్కడ ఖాళీ ఉంటుంది. కానీ బెల్టు తీసి, దిగి, వెనక్కి వెళ్ళి, డిక్కీ తెరవాలి. వెనక నుంచి ఎవరైనా గుద్దితే డిక్కీ తెరుచుకోదు. పైగా పెట్రోలు ట్యాంకు ఉండేది ఆ చుట్టుపక్కలే. మన భాషలో చెప్పాలంటే ఇది బ్యాకప్‌ని అదే సర్వర్‌లో దాచుకోవడం. 2021 మార్చి 10న స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడ్డప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే ఉంచుకున్న కస్టమర్ల డేటా మొత్తం పోయింది. వాళ్ళ దగ్గర బ్యాకప్ లేక కాదు.

సీట్ల వెనక: బెల్టు పెట్టుకుని చెయ్యి వెనక్కి తిప్పి చూడండి. భుజం కదలదు. తలకి వెనక బరువైన ఇనప వస్తువు ఉండటం కూడా మంచిది కాదు. తలుపు జేబు: తలుపు నొక్కుకుపోతే సిలిండరూ పోయినట్టే. పాసింజర్ కాళ్ళ దగ్గర: పక్కన ఎవరూ లేకపోతే పరవాలేదు. ఉంటే వాళ్ళ చీలమండకి గండం, పైగా చాలామందికి చెయ్యి అంత దూరం అందదు.

మిగిలింది సీటు ముందు అంచు. డ్రైవర్ మోకాళ్ళ కింద, సీటు కుషన్‌కి సరిగ్గా ముందు. సీటుని నేలకి బిగించే బోల్టులకే తగిలించే బ్రాకెట్లు దొరుకుతాయి. సిలిండర్‌ని అడ్డంగా, అంటే తలుపు నుంచి తలుపు వైపుగా పడుకోబెట్టాలి. బెల్టు పెట్టుకుని ఉన్నా చెయ్యి కిందికి వేస్తే తగులుతుంది. దిగిపోయినా, తెరిచిన తలుపులోంచి వంగి తీసుకోవచ్చు. ఆదుకోవడానికి వచ్చిన ఇంకో డ్రైవర్‌కి కూడా అందుతుంది. ఒక్కటే భయం, ఊడిందంటే దొర్లుకుంటూ పెడళ్ళ కిందికి పోతుంది. అందుకే పట్టీలు లోహానివే ఉండాలి. సీటు ముందుకీ వెనక్కీ జరిగేటప్పుడు తగలకూడదు. నేలకి కొత్తగా రంధ్రం వేయాల్సి వస్తే, కింద బ్రేకు, పెట్రోలు పైపులు పోతున్నాయేమో చూసి, పల్చటి రేకు చిరగకుండా కింద మందపాటి ప్లేటు వేసి బిగించాలి.

పరీక్ష కూడా తేలికే. సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, కళ్ళు మూసుకోండి. పొగలో కళ్ళు ఎలాగూ పనిచేయవు. మూడు లెక్కపెట్టేలోపు సిలిండర్ చేతిలోకి రావాలి. రాకపోతే చోటు మార్చండి.

ఇంత చేసినా ఆ సిలిండర్ నుంచి ఎంత ఆశించాలో తెలిసుండాలి. కిలో పౌడరు పది సెకన్లకి అటూ ఇటూగా అయిపోతుంది. 2020 నవంబర్ 29న బహ్రెయిన్‌లో రొమాఁ గ్రోజాఁ కారు 67 జి తో గోడకి గుద్దుకుని అంటుకున్నప్పుడు, అతను ఆ మంటల్లో దాదాపు 28 సెకన్లు ఉన్నాడు. తనంతట తాను పైకి ఎక్కి బయటపడ్డాడు. కాబట్టి మొదటి పని దిగడం. సిలిండర్ ఉన్నది ఆ దిగే దారి తెరుచుకోవడానికి, లేదా దిగాక బానెట్ సందులోంచి చిన్న మంటని మొదట్లోనే నొక్కేయడానికి. బానెట్ బార్లా తెరిస్తే గాలి తగిలి మంట పెద్దదవుతుంది. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ అంటుకుంటే ఈ పౌడరు దాన్ని ఆపలేదు, దూరంగా పోవడమే. ఇంకో మాట, విశాఖలో ఉండేవాళ్ళకి: మన ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేది ఆ పట్టీల క్లిప్పే. గేజి ముల్లు పచ్చలో ఉందో లేదో చూసేటప్పుడు క్లిప్పుని కూడా ఓసారి తీసి పెట్టండి.

"మాకు స్పోర్ట్స్ కార్లు లేవు కదా, ఇదంతా మాకెందుకు" అనేవాళ్ళకి ఇప్పుడు అసలు సంగతి.

మనలో ఎక్కువమంది రోజూ ఉండే చోటు ఆఫీసు. మన దేశంలో సిలిండర్ల ఏర్పాటుకి ఐఎస్ 2190 అనే ప్రమాణం ఉంది. దాని లెక్క ప్రకారం మనిషి 15 మీటర్లు నడిచేలోపు సిలిండర్ దొరకాలి. దాని అడుగు నేల నుంచి 750 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఎవరు పడితే వాళ్ళు ఎత్తుకోగలిగే ఎత్తు అది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పనిచేసిన ఒక ఆఫీసులో ఆ సిలిండర్ ముందు స్క్రమ్ బోర్డు నిలబెట్టి ఉండేది. రోజూ పొద్దున్నే ఇరవై మందిమి దాని ముందు నిలబడేవాళ్ళం. దాని వెనక ఏముందో ఒక్కరికీ తెలీదు.

రెండోది, పండగలకి ఊళ్ళకి వెళ్ళే రాత్రి బస్సు. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున బెంగుళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టుకి గుద్దుకుని అంటుకుంది. 45 మంది చనిపోయారు. దీపావళికి నాలుగు రోజుల ముందు. వాళ్ళలో మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళూ ఉన్నారు. పన్నెండేళ్ళ తర్వాత, 2025 అక్టోబర్ 24న, కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగుళూరు వెళ్తున్న బస్సు కింద ఒక మోటార్‌సైకిల్ ఇరుక్కుని మంటలొచ్చాయి. బస్సులో 19 మంది ప్రయాణికులు చనిపోయారు. ఇదీ తెల్లవారుజామునే. దారీ అదే.

బస్సుల గురించి ఐక్యరాజ్యసమితి 107వ నిబంధన, ఒక సిలిండర్ డ్రైవర్ సీటు దగ్గర ఉండాలంటుంది. ఇంజన్ దగ్గర పొగ కనిపించి డ్రైవర్ బస్సు ఆపినప్పుడు అది సరైన చోటే. కానీ రాత్రి మూడింటికి మనిషి ఎక్కడ ఉంటాడు? పన్నెండు మీటర్ల బస్సులో చివరి బెర్తు మీద, కర్టెన్ వెనక, నిద్రలో. అతనికి డ్రైవర్ దగ్గరున్న సిలిండర్ లేనట్టే లెక్క. అతని చేతికి అందాల్సింది అద్దం పగలగొట్టే సుత్తి, అతని పక్కన ఉండాల్సింది తెరుచుకునే అత్యవసర ద్వారం, అతని తరపున మేలుకుని ఉండాల్సింది అలారం. 2022 జనవరిలో కేంద్ర రవాణా శాఖ దూరప్రాంత బస్సులకీ స్కూలు బస్సులకీ, ప్రయాణికులుండే భాగంలో ఫైర్ అలారం, మంటల నుంచి రక్షణ వ్యవస్థ ఉండాలని నోటిఫికేషన్ ఇచ్చింది. అంటే "మనిషి ఎక్కడ?" అన్న ప్రశ్న కాగితం మీదకి వచ్చింది. మీరు ఎక్కబోయే పాత బస్సులోకి వచ్చిందో లేదో మీరే చూసుకోవాలి.

మా ఊళ్ళోనే 2023 నవంబర్ 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మంటలు రేగి 40కి పైగా బోట్లు కాలిపోయాయి. ఒకదాన్నొకటి ఆనుకుని కట్టేసిన బోట్లు, లోపల డీజిలు, వంటకి గ్యాసు బండలు. నిద్రపోయే వేళ, ఖాళీ బోటులో ఎంత మంచి సిలిండర్ పెట్టినా దాన్ని ఎత్తే చెయ్యి ఉండదు. జీవనాధారం మొత్తం ఒక్క రాత్రిలో బూడిదైతే ఆ కుటుంబాలకి ఎలా ఉంటుందో రాయడానికి నా దగ్గర మాటల్లేవు. అక్కడ ఉండాల్సింది రాత్రి కాపలా, బోటుకీ బోటుకీ మధ్య ఖాళీ, జెట్టీ మీద నీటి లైను.

మన జనానికి సిలిండర్ కొనడం అలవాటయింది. బిల్లు ఉంటుంది, స్టిక్కరు ఉంటుంది, ఆడిట్‌లో టిక్కు పడుతుంది. ఎక్కడ పెట్టాలి అన్నది మాత్రం ఖాళీ ఎక్కడుంటే అక్కడ అని తేల్చేస్తాం. ఈసారి బస్సెక్కగానే ఫోను తీసే ముందు సుత్తి ఎక్కడుందో, వెనక తలుపు ఎలా తెరుచుకుంటుందో ఒక్క నిమిషం చూడండి. పక్క సీటువాళ్ళు వింతగా చూస్తే చూడనివ్వండి, వాళ్ళకీ చూపించండి. మీ కారులో, మీ ఆఫీసులో ఆ ఎర్ర సిలిండర్ ఎక్కడుందో కూడా ఓసారి వెతికి, వ్యాఖ్యల్లో రాయండి. వెతకడానికి ఎంతసేపు పట్టిందో కూడా రాస్తే మరీ మంచిది.